పాల్వంచలో కూలింగ్ టవర్లు కూల్చేశారు కదా, కొత్తగూడెం థర్మల్ మూతపడినట్టేనా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో కుదించి చెప్తాను. మీ తాతగారు 1960ల చివర్లో పాల్వంచ థర్మల్‌లో పనిచేశారు. 2024లో అక్కడి టవర్లు కూల్చేసిన వీడియో ఈమధ్యే మీ కంటపడింది. ఇక ఆ థర్మల్ కథ అయిపోయిందా, సింగరేణిలో బొగ్గు నిండుకుందా, పాల్వంచలో ఉన్నదానికి కొత్తగూడెం పేరెందుకు, ఇప్పుడు అక్కడ ఊరి పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయా అని అడిగారు.

మూతపడింది పాత ప్లాంటు మాత్రమే, థర్మల్ కాదు. 'ఏ', 'బీ', 'సీ' స్టేషన్లని పిలిచే ఎనిమిది యూనిట్లు (యూనిట్ అంటే ఒక బాయిలర్, ఒక టర్బైన్ జత), మొత్తం 720 మెగావాట్లు, 2020 నాటికి ఆగిపోయాయి. మీరు చూసిన టవర్లు వాటివే. ఆ పక్కనే 5, 6, 7 దశలు నడుస్తున్నాయి. 5వ దశలో 250 మెగావాట్ల యూనిట్లు రెండు, 6వ దశలో 500ది ఒకటి, 7వ దశలో 800ది ఒకటి, అన్నీ కలిపి 1800 మెగావాట్లు. పాతవి ఎనిమిదీ కలిసి ఇచ్చినదానికన్నా ఇప్పుడు 7వ దశలోని ఒక్క 12వ యూనిట్టే ఎక్కువ ఇస్తుంది. బొగ్గు అయిపోవడం అన్నది దీనికి సంబంధమే లేని మాట. పాతవాటిని ఆపేసింది బొగ్గు లేక కాదు, అవి బొగ్గు ఎక్కువ తినడం వల్ల, ఇంకా వాటికి కాలం చెల్లడం వల్ల. ఉద్యోగాల సంగతి మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు, దాన్ని చివర్లో చెప్తాను. నన్నడిగితే మీ నాలుగు ప్రశ్నల్లో అసలైనది అదే.

నా గురించి రెండు ముక్కలు. జెన్‌కోలో, అంటే ప్రభుత్వ కరెంటు తయారీ సంస్థలో, ఆపరేషన్ సైడ్ పనిచేశాను, బాయిలర్ దగ్గర మొదలై కంట్రోల్ రూమ్‌లో రిటైరయ్యాను. పాల్వంచలో కొన్నేళ్లున్నాను, మిగతా సర్వీసంతా వేరే స్టేషన్లలో. కాబట్టి కింద చెప్పేదాంట్లో చరిత్ర కొంత, మా షిఫ్టుల్లో చూసింది కొంత కలిసి ఉంటుంది.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. థర్మల్ కట్టేనాటికి ఆ ప్రాంతంలో బయటివాళ్లకు తెలిసిన పేరు కొత్తగూడెం. సింగరేణి హెడ్డాఫీసు అక్కడే, రైలు అక్కడికే వచ్చేది. పాల్వంచ అక్కడినుంచి పది పన్నెండు కిలోమీటర్లు. ఒకప్పుడు సంస్థానమే అయినా 1960ల నాటికి చిన్న ఊరు. అందుకని కాగితాల మీద కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్, కేటీపీఎస్ అయింది. ఆ చుట్టుపక్కల పేర్లకు ఇదో తమాషా: కొత్తగూడెంలో ఉన్న రైల్వే స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు, పాల్వంచలో ఉన్న థర్మల్‌కు కొత్తగూడెం అని పేరు. పాల్వంచవాళ్లను అడిగితే మాత్రం ఒకటే మాట, "థర్మల్". ఏ థర్మల్ అని ఎవరూ అడగరు.

ఇక అక్కడే ఎందుకు కట్టారన్నది. థర్మల్ స్టేషన్‌కు ముఖ్యంగా కావలసినవి రెండు, బొగ్గూ నీళ్లూ. బొగ్గు సంగతి అందరికీ గుర్తుంటుంది, నీళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరొచ్చింది. అంటే థర్మల్ కట్టేనాటికే ఆ నేలలో బొగ్గు తవ్వకం మొదలై డెబ్బై ఎనభై ఏళ్లయింది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, మూడో వంతు పైనే, ఒక్కోసారి నలభై శాతం దాటుతుంది. అలాంటి బొగ్గును రైల్లో వందల కిలోమీటర్లు మోయించడమంటే బూడిదకు టికెట్ కొని ప్రయాణం చేయించడమే. దానికన్నా గని పక్కన కరెంటు తయారుచేసి తీగల మీద పంపడం చవక. గని దగ్గరి స్టేషన్లన్నిటి వెనకా ఉన్న లెక్క ఇదే.

నీళ్ల కోసం కిన్నెరసాని మీద డ్యామ్ కట్టారు. గోదావరి ఉపనది అది. ఇప్పుడు జనం ఆదివారం పూట జింకల పార్కు, మొసళ్లు చూడటానికి వెళ్తున్న ఆ రిజర్వాయర్ పుట్టిందే థర్మల్ కోసం. పూర్తి మట్టం 407 అడుగులు. వానాకాలంలో "కిన్నెరసాని గేట్లు ఎత్తారు" అని పేపర్లో చదువుతుంటారే, ఆ అంకె అక్కడిదే.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. అప్పట్లో మన కరెంటులో ఎక్కువ భాగం నీళ్ల మీదే, అంటే మాచ్‌ఖండ్, తుంగభద్ర లాంటివి. వాన పడకపోతే కరెంటుకూ కరువే. 1965, 66 దేశమంతా కరువు కాలం. సరిగ్గా ఆ సమయానికి పాల్వంచలో 'ఏ' స్టేషన్ లైనులోకొచ్చింది. వానతో పనిలేకుండా తిరిగే టర్బైన్లు చేతికందడం ఎలక్ట్రిసిటీ బోర్డుకు ఎంత ధైర్యమో ఊహించుకోండి.

తెలంగాణలో మొట్టమొదటి థర్మల్ ఇదేనా అంటే, కాదు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం ప్రభుత్వం 1920లో పెట్టిన స్టేషన్ ఒకటుండేది, 1995లో దాన్ని కూల్చేశారు. "ఆసియాలోనే మొదటి థర్మల్" అని దాని గురించి ఫార్వర్డ్ మెసేజీలు తిరుగుతుంటాయి, నమ్మకండి. కలకత్తాలో ఇమాంబాగ్ లేన్‌లో 1899లోనే బొగ్గు మీద కరెంటు తీశారు. రామగుండంలో కూడా పాల్వంచకన్నా ముందే ఒక చిన్న స్టేషన్ ఉండేది. పాల్వంచది మొదటి స్థానం కాకపోవచ్చు, కానీ ఇక్కడ పెద్ద ఎత్తున బొగ్గు కరెంటు అనేది మొదలైంది మాత్రం దానితోనే.

మీ తాతగారిది 'ఏ' స్టేషనే. 1960ల చివర అన్నారు కాబట్టి ఇంకోటి అయ్యే వీల్లేదు, అప్పటికి ఉన్నది అదొక్కటే. 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు, 1966లో రెండు, 1967లో రెండు. నాలుగూ కలిపి 240. ఇవాళ వింటే చిన్న అంకె. కానీ అప్పట్లో ఊళ్లలో ఇంటికి రెండు బల్బులు, మోటార్లు ఎక్కడో ఒకటీ అరా. ఆ లెక్కన చూడాలి.

ఆ యూనిట్ల మీద పని ఎలా ఉండేదో ఇప్పటివాళ్లకు చెప్తే నవ్వుతారు. కంట్రోల్ రూమ్‌లో ఒక గోడంతా మీటర్లు, ముళ్లు, రికార్డర్లలో తిరిగే కాగితం చుట్టలు. గంటకోసారి లాగ్‌షీట్‌లో చేత్తో రాయాలి. చాలా వాల్వులు మనిషి వెళ్లి చక్రం తిప్పితే తప్ప తెరుచుకోవు. ఫలానా వాల్వు ఒక చుట్టు తిప్పమని కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వస్తుంది, ఆపరేటర్ మెట్లెక్కి వెళ్లి తిప్పి, గేజీ చూసి, మళ్లీ ఫోన్ చేస్తాడు. బాయిలర్ దగ్గర ఒకడు, టర్బైన్ దగ్గర ఒకడు, పంపుల దగ్గర ఒకడు, బొగ్గును పొడి చేసే మిల్లుల దగ్గర ఒకడు, బూడిద గుంటల దగ్గర ఇద్దరు ముగ్గురు. యూనిట్ చిన్నదైనా మనుషులు మాత్రం తగ్గరు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక 1969. పాల్వంచ థర్మల్ చరిత్ర రాస్తూ ఆ ఏడాదిని వదిలేస్తే అది చరిత్రే కాదు. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకు, అంటే ముల్కీలకు అన్న రక్షణలున్నాయి. అవి అమలు కావడం లేదని, బయటి ప్రాంతాల వాళ్లను చేర్చుకుంటున్నారని థర్మల్‌లో, ఊళ్లో గొడవ రాజుకుంది. 1969 జనవరిలో పాల్వంచలో లేచిన ఆ ఆందోళన అదే నెలలో ఖమ్మం చేరింది. అక్కడ విద్యార్థి నాయకుడు అన్నాబత్తుల రవీంద్రనాథ్ నిరాహార దీక్షకు కూర్చున్నాడు, ఆపైన తెలంగాణంతా అంటుకుంది. జనవరి 19న అఖిలపక్షం ఒప్పందం, 21న జీవో 36. నాన్‌ముల్కీలను ఫిబ్రవరి నెలాఖరుకల్లా వెనక్కి పంపాలని దాని సారాంశం. తర్వాత కోర్టులు, కాల్పులు, ఆ కథ పెద్దది, ఇక్కడ దానిలోకి వెళ్లను.

థర్మల్ వల్లే ఉద్యమం వచ్చిందని కొందరు రాస్తారు. నాకు అది పూర్తిగా సరైన మాట అనిపించదు. అసంతృప్తి అన్ని ఆఫీసుల్లోనూ ఉంది. కానీ కళ్లెదుట అంత పెద్ద కట్టడం లేవడం, వందల కొద్దీ కొత్త ఉద్యోగాలు ఒకేచోట పుట్టడం, భూమిచ్చిన ఊళ్ల పిల్లలు గేటు బయట నిలబడి చూడటం, ఇవన్నీ కలిసింది పాల్వంచలో. అందుకే అక్కడ ముందు అంటుకుంది. మీ తాతగారు ఆ రోజుల్లో డ్యూటీలో ఉండి ఉంటే ఆయన దగ్గర చాలా కథలుండాలి, బతికుంటే అడగండి, లేకపోతే నానమ్మనైనా అడగండి.

తర్వాతి విడత 1970ల్లో వచ్చింది. బీ స్టేషన్‌లో రెండు యూనిట్లు 1974లో, సీ స్టేషన్‌లో రెండు యూనిట్లు 1977, 78ల్లో. మొదట ఒక్కోటి 110 మెగావాట్లు, తర్వాత మార్పులు చేసి 120కి పెంచారు. 240కి నాలుగు 120లు కలిపితే 720, ఇందాక చెప్పిన అంకె అక్కడినుంచి వచ్చింది.

అదే దశాబ్దంలో పాల్వంచ ఫ్యాక్టరీల ఊరుగా మారింది. ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని ఫర్నేసులకు కరెంటే తిండి. దేశంలోనే మొదటి స్పాంజ్ ఐరన్ ప్లాంటు 1980లో ఇక్కడే మొదలైంది, 2010లో అది ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది. బొగ్గు, కరెంటు, నీళ్లు మూడూ ఒకేచోట దొరకడం అనేది ఎంత పనిచేస్తుందో చూడండి.

ఆ తర్వాత పాల్వంచలో దాదాపు 19 ఏళ్లు కొత్త యూనిట్ రాలేదు. బోర్డు చూపు విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం మీదకు మళ్లింది, అక్కడ 210 మెగావాట్ల మొదటి యూనిట్ 1979లో వచ్చింది. రామగుండంలో ఎన్‌టీపీసీ 1983 నుంచి నడవడం మొదలుపెట్టింది. శ్రీశైలం వచ్చింది. 1990ల్లో కడప జిల్లా ముద్దనూరు వచ్చింది. పాల్వంచ వంతు మళ్లీ 1997, 98ల్లో, రెండు 250లతో. 5వ దశ అన్నది అదే. ఆ వెంటనే 1999 ఫిబ్రవరిలో బోర్డును ముక్కలు చేసి జెన్‌కో, ట్రాన్స్‌కో అన్నారు. మాకు జీతం కవరు మీద పేరు మారింది తప్ప షిఫ్టు మారలేదు. 6వ దశ 500 మెగావాట్లు 2011లో. రాష్ట్రం విడిపోయాక 7వ దశ 800 మెగావాట్లు 2018 డిసెంబర్లో. 7వది సూపర్‌క్రిటికల్, దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాతవాటికి చీటీ చింపింది అదే.

పాతవి ఎందుకు ఆపేశారు. కారణాలు మూడున్నాయి, కానీ బరువైనది మొదటిదే.

బొగ్గు లెక్క. మామూలు బాయిలర్లో నీళ్లు మరుగుతాయి, డ్రమ్‌లో ఆవిరీ నీళ్లూ వేరవుతాయి. పీడనం 221 బార్ దాటించి 374 డిగ్రీల పైకి తీసుకెళ్తే మరగడం అన్న దశే ఉండదు, నీళ్లు నేరుగా ఆవిరి అయిపోతాయి, డ్రమ్ అక్కర్లేదు. అదే సూపర్‌క్రిటికల్. అంత పీడనం, అంత వేడి ఉన్న ఆవిరి నుంచి అదే బొగ్గుకు ఎక్కువ కరెంటు లాగొచ్చు. ఇక్కడ రమారమి లెక్క వేస్తాను, బొగ్గు గ్రేడును బట్టి అటూ ఇటూ అవుతుంది. పాత చిన్న యూనిట్లలో ఒక యూనిట్ (కిలోవాట్ అవర్) కరెంటుకు 850 గ్రాముల బొగ్గు అనుకుందాం, కొత్తదాంట్లో 650. 720 మెగావాట్ల పాత ప్లాంటు రోజంతా ఫుల్ లోడ్ మీద నడిస్తే 14 వేల టన్నులు దాటుతుంది. 800 మెగావాట్ల కొత్త యూనిట్ అలాగే నడిస్తే 12 వేల టన్నుల పైచిలుకు. అంటే 80 మెగావాట్లు ఎక్కువిస్తూ రోజుకు రెండు వేల టన్నులు తక్కువ తింటుంది. గూడ్సు రైలు ఒక్కోటి నాలుగు వేల టన్నులకు అటూ ఇటూ మోస్తుంది, అంటే రోజుకు అర రైలు బొగ్గు మిగులు. ఏడాదికి ఎంతవుతుందో మీరే వేసుకోండి. కరెంటు ధరలో సింహభాగం బొగ్గు ఖర్చే కాబట్టి ఈ లెక్క ముందు ఏ సెంటిమెంటూ నిలబడదు.

రెండోది పర్యావరణ నిబంధనలు. 2015 డిసెంబర్లో కేంద్రం థర్మల్ స్టేషన్లకు కొత్త పరిమితులు పెట్టింది. పొగలో ధూళి, గంధకం, నైట్రోజన్ వాయువులు ఇంతకు మించకూడదని. నలభై యాభై ఏళ్ల బాయిలర్లకు ఆ పరికరాలన్నీ బిగించాలంటే దానికయ్యే డబ్బు ఎప్పటికీ తిరిగిరాదు. పైగా 7వ దశకు అనుమతి ఇచ్చేటప్పుడే పాత 720 మెగావాట్లు ఆపేయాలని షరతు పెట్టారు. అంటే కొత్తది పుట్టేనాటికే పాతదాని గడువు రాసిపెట్టి ఉంది.

మూడోది వయసు. స్పేర్లు దొరకవు, దొరికితే రేటు దొరకదు. బాయిలర్లో ట్యూబులు పలచబడతాయి, ఒకటి కారిందంటే దాని ఆవిరి పక్కదాన్ని కోస్తుంది, యూనిట్ ఆపి, చల్లార్చి, లోపలికి మనిషి దిగి వెల్డింగ్ చేసి, మళ్లీ లైటప్ చేసేసరికి రెండు మూడు రోజులు పోతాయి. మళ్లీ వెలిగించడానికి పోసే ఆయిల్ ఖర్చు వేరే.

వయసైపోయిన యూనిట్‌తో వేగడం ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. ఇది పాల్వంచది కాదు, నేను చేసిన ఇంకోచోటు, పేరు వద్దులెండి. జూలై వానలు. తడిసిన బొగ్గు, అందులో సగం బంకమన్ను లాంటి పొడి. బంకర్ (బొగ్గు నిలవ తొట్టి) నిండా బొగ్గే ఉంటుంది, కింద మిల్లుకు బొగ్గు అందించే ఫీడర్ మీద మాత్రం ఒక్క పెళ్ల రాలదు, మధ్యలో చూట్ అనే గొట్టంలో పేరుకుపోతుంది. కంట్రోల్ రూమ్‌లో మనకు ముందు తెలిసేది మిల్లు అవుట్‌లెట్ టెంపరేచర్, బొగ్గు ఆగి వేడి గాలి మాత్రమే వెళ్తుంది కాబట్టి ముల్లు పైకి లేస్తుంది. వెంటనే వేడి గాలి డ్యాంపర్ మూయాలి, ఆలస్యమైతే మిల్లులో మంట. ఫర్నేస్‌లో మంట పలచబడుతుంది, మంట నిలబెట్టడానికి ఆయిల్ చిమ్మే గన్‌లు పెట్టాలి. అటు కింద ఇద్దరు కుర్రాళ్లు చూట్‌ను సుత్తులతో బాదుతుంటారు, ఇంకొకడు పోక్ హోల్‌లోంచి ఇనుప రాడ్ దూర్చి పొడుస్తుంటాడు. ఆ చప్పుడు వాన రోజుల్లో షిఫ్టంతా వినిపిస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి లోపల కూరుకున్నదంతా ఒక్కసారిగా జారి పడుతుంది, ఇప్పుడు మిల్లు నిండిపోయి ఇంకో టెన్షన్. కొత్త యూనిట్లకు తడి బొగ్గు బాధ లేదని కాదు. కానీ వాటికి మిల్లులు ఎక్కువ, ఒకటి పక్కన పెట్టినా లోడ్ నిలబడుతుంది. నాలుగు మిల్లుల మీద బతికే పాత యూనిట్‌లో ఒకటి ఆగితే లోడ్ పడిపోతుంది, రెండాగితే ఇక దేవుడే దిక్కు.

కూల్చింది పొగ గొట్టాలు కాదు. చాలామంది ఆ వీడియో కింద "పొగ గొట్టాలు" అని రాశారు, మీరూ ఒకచోట అలాగే రాశారు. అవి కూలింగ్ టవర్లు. నడుం సన్నగా, పైనా కిందా వెడల్పుగా ఉండేవి. వాటిలోంచి తెల్లగా పైకి పోయేది పొగ కాదు, నీటి ఆవిరి. టర్బైన్ తిప్పిన ఆవిరిని కండెన్సర్‌లో చల్లబరిచి మళ్లీ నీళ్లుగా మార్చాలి, దాన్ని చల్లబరచడానికి వాడిన నీళ్లు వేడెక్కిపోతాయి. ఆ వేడి నీళ్లను టవర్లో కొంత ఎత్తుకు ఎక్కించి చినుకులుగా రాలుస్తారు, కిందనుంచి లేచే గాలి వాటిని చల్లారుస్తుంది. మనం టీని రెండు గ్లాసుల మధ్య పైనుంచి పోసి చల్లార్చుతామే, అదే పని. పైన ఉన్న అంత పెద్ద కట్టడమూ బోలుదే, గాలిని లాగడానికి వేసిన పలచటి కాంక్రీటు పెంకు. పొగ పోయే గొట్టం వేరు, సన్నగా నిటారుగా ఉంటుంది. నల్లగానో బూడిద రంగులోనో ఏమైనా కనిపించిందంటే అక్కడినుంచే, అదీ ఈఎస్పీ (పొగలోని బూడిదను పట్టే పరికరం) సరిగ్గా పనిచేయనప్పుడు.

2024 ఆగస్టు 5న ఆ టవర్లు ఎనిమిదింటినీ పేలుడు పదార్థాలతో, విడతలవారీగా ఒకే రోజు కూల్చేశారు. పలచటి పెంకు కాబట్టి కాళ్లు తెగితే దానంతట అదే ముడుచుకుని కూలుతుంది. వీడియోలో సెకన్లలో అయిపోయినట్టు కనిపించేది అందుకే, వెనక రంధ్రాలు చేయడం, మందు కూరడం లాంటి ఏర్పాట్లు మాత్రం చాలా ఉంటాయి. దూరం నుంచి వచ్చే బస్సుల్లోవాళ్లకు ఊరు వచ్చిందని చెప్పే గుర్తు అవి. నాకూ ఆ రోజు మనసు బాగోలేదు. కానీ వాడకం లేని టవర్‌ను ఉంచితే పెంకులు ఊడి పడతాయి, ఎవరైనా కింద ఉంటే ప్రాణం మీదకొస్తుంది. ఒకటైనా గుర్తుగా ఉంచాల్సిందని కొందరన్నారు, మనసుకు అది సబబే అనిపిస్తుంది, నిర్వహణ ఎవరు చూస్తారంటే జవాబు లేదు.

బూడిద గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకపోతే తప్పు. 12 వేల టన్నుల బొగ్గు కాలిస్తే నాలుగైదు వేల టన్నుల బూడిద మిగులుతుంది, రోజుకు. కొంత సిమెంటు ఫ్యాక్టరీలకు, ఇటుకలకు, రోడ్లకు పోతుంది, మిగతాది నీళ్లలో కలిపి పైపుల్లో యాష్ పాండ్‌కు, అంటే బూడిద చెరువుకు. ఎండాకాలం గాలి దుమారం లేస్తే ఏ థర్మల్ ఊళ్లోనైనా ఆరేసిన బట్టల మీద, డాబా మీద అదే. ఊరికి కరెంటు స్టేషన్ ఇచ్చే అసలు బహుమతి అదేనని యాష్ పాండ్ పక్క పల్లెల వాళ్లు అంటే నేను కాదనలేను. బూడిద మొత్తం వాడేయాలని నిబంధనలైతే ఉన్నాయి, పాత పాండ్లలో దశాబ్దాలుగా పేరుకున్నది తీయడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

ఇక ఉద్యోగాలు. ఇందాక 'ఏ' స్టేషన్‌లో ప్రతి పనికీ ఒక మనిషి అన్నానే. ఎనిమిది యూనిట్లంటే ఎనిమిది బాయిలర్లు, ఎనిమిది టర్బైన్లు, మూడు నాలుగు షిఫ్టుల చొప్పున ఒక్కోదానికీ మనుషులు, వాళ్ల మీద ఇంజినీర్లు, మెయింటెనెన్స్ వాళ్లు వేరు. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ కరెంటిచ్చే యూనిట్‌ను నాలుగైదు స్క్రీన్ల ముందు కూర్చున్న కొద్దిమంది నడిపేస్తారు. వాల్వు తెరవాలంటే మౌస్ నొక్కితే చాలు. 1966లో థర్మల్ వచ్చినప్పుడు పాల్వంచ ఊరు ఊరంతా దాని చుట్టూ పెరిగింది, క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, సంత, టిఫిన్ సెంటర్లు అన్నీ. 2018లో అంతకు మూడింతల మెగావాట్లతో వచ్చిన యూనిట్ ఆ పని చేయలేదు, చేయగలిగేదీ కాదు. పాత ప్లాంటు ఆగాక రెగ్యులర్ స్టాఫ్‌ను పక్క దశలకు, మణుగూరు దగ్గరి భద్రాద్రి థర్మల్‌కు, ఇంకా ఇతర స్టేషన్లకు సర్దారు. వాళ్లకు ఉద్యోగం పోలేదు. దెబ్బ తిన్నది వాళ్ల జీతాల మీద నడిచిన కొట్లు, అద్దె ఇళ్లు, ఇంకా కాంట్రాక్టర్ కింద రోజు కూలీకి చేసినవాళ్లు.

అందుకని మీ ఊరి పిల్లలకు చెప్పేదేంటంటే, థర్మల్ ఉంది కాబట్టి గేటు దగ్గర నిలబడితే పని దొరుకుతుందన్న రోజులు కావివి. రెగ్యులర్ పోస్టులు నోటిఫికేషన్ మీదే, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), సబ్ ఇంజినీర్, కెమిస్ట్, జేపీఏ (జూనియర్ ప్లాంట్ అటెండెంట్) లాంటివి, అవీ ఏళ్లకోసారి. బీటెక్, డిప్లొమా, ఐటీఐ, దేనికదే అర్హత. కాంట్రాక్టు కార్మికుల్లో చాలామందిని తెలంగాణ వచ్చాక ఆర్టిజన్లు అన్న పేరుతో సంస్థలోకి తీసుకున్నారు, ఆ తలుపు మళ్లీ తెరుచుకుంటుందని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వొద్దు, ఇలాంటి బ్రోకర్లు ఆ చుట్టుపక్కల ఎప్పుడూ ఉంటారు. నిజంగా గిరాకీ ఉన్నది ఓవర్‌హాల్ (యూనిట్ ఆపి చేసే పెద్ద మరమ్మతు) సమయంలో: హై ప్రెషర్ వెల్డర్లు, మిల్‌రైట్ ఫిట్టర్లు, ఇన్‌స్ట్రుమెంటేషన్ తెలిసినవాళ్లు. బాయిలర్ ట్యూబ్ వెల్డింగ్‌కు టెస్టు పాసైన సర్టిఫికెట్ ఉన్న కుర్రాడు పాల్వంచలో ఒక నెల, మణుగూరులో ఒక నెల, రామగుండంలో ఒక నెల, దామరచర్లలో ఒక నెల, అలా తిరుగుతూ బాగానే సంపాదిస్తాడు. ఊళ్లో ఉండి చేసే ఉద్యోగం కాదు అది, కానీ పని మాత్రం నిజమైన పని.

మీ తాతగారి సర్వీసు కాగితాలు ఏవైనా ఇంట్లో ఉంటే సెక్షన్ ఏంటో చూడండి. బాయిలరా, టర్బైనా, కోల్ ప్లాంటా, వాటర్ ట్రీట్‌మెంటా. అది చెబితే ఆయన షిఫ్టులో రోజూ ఏ పని చేసి ఉంటారో నాకు తెలిసినంతలో రాస్తాను.